పట్టా మనదే... దారి ఎవరిది?

సొంత ఐపీ అడ్రస్‌లు కొన్నంత మాత్రాన ఇంటర్నెట్ గుర్తిస్తుందా? ఆ పని తెలిసినవారికి అవకాశాలు ఎక్కడ?

2021 అక్టోబర్ 4, సోమవారం. మన దగ్గర రాత్రి 9 దాటింది. వాట్సాప్‌లో పంపిన మెసేజ్ వెళ్లడం లేదు. ఇన్‌స్టా రిఫ్రెష్ కావడం లేదు. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసినవాళ్లు, డేటా ప్యాక్ అయిపోయిందేమో అని చూసుకున్నవాళ్లు మీలోనూ ఉండే ఉంటారు. దాదాపు ఆరు గంటలపాటు ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ప్రపంచమంతటా కనిపించకుండా పోయాయి.

ఆ రాత్రి ఎవరి సర్వర్లూ కాలిపోలేదు, ఎవరి డేటా పోలేదు. మెయింటెనెన్స్ సమయంలో ఇచ్చిన ఒక కమాండ్ వల్ల ఆ కంపెనీ డేటా సెంటర్లను కలిపే సొంత నెట్‌వర్క్ తెగిపోయింది. దాంతో కంపెనీ డీఎన్ఎస్ సర్వర్లు ‘మా అడ్రస్‌లకు దారి ఇటు’ అని బయటి ప్రపంచానికి చెప్పడం మానేశాయి. రికార్డుల్లో ఆ అడ్రస్‌లు ఫేస్‌బుక్‌వే. కానీ అక్కడికి ఎలా వెళ్లాలో ఏ నెట్‌వర్క్‌కూ తెలియకుండా పోయింది.

పల్లెటూళ్ల నుంచి వచ్చినవారికి ఈ సంగతి చప్పున అర్థమవుతుంది. పొలానికి పట్టాదారు పాస్‌బుక్ ఉంటుంది. సర్వే నంబర్ ఉంటుంది. కానీ రోడ్డు మీద నుంచి పొలంలోకి దారి ఉండదు. పక్క రైతు ఒప్పుకుంటేనే ట్రాక్టర్ లోపలికి పోతుంది. ఇంటర్నెట్‌లో సొంత ఐపీ అడ్రస్‌లున్న సంస్థల్లో దాదాపు అన్నిటి పరిస్థితీ ఇదే. అడ్రస్ తమది, దారి మాత్రం వేరే నెట్‌వర్క్ ఇవ్వాలి. ఆ దారి ఇచ్చే నెట్‌వర్క్‌నే అప్‌స్ట్రీమ్ ప్రొవైడర్ అంటారు.

ఒకప్పుడు ఈ దారి అడగడం ఫోన్ కాల్, ఈమెయిల్‌తో అయిపోయేది. ఇప్పుడు డిజిటల్ సంతకాలతో రుజువు చూపిస్తేనే పని జరిగే రోజులు వస్తున్నాయి. రుజువులో చిన్న తప్పున్నా ఒక ఊరు మొత్తానికి నెట్ ఆగిపోవచ్చు. ఈ పని చేయగలవారు కంపెనీలకు కావాలి, మన కాలేజీల్లో మాత్రం దీని గురించి చెప్పేవారు తక్కువ. ఉద్యోగం వెతుక్కుంటున్న మీరు దీన్ని ఎందుకు పట్టించుకోవాలంటే అందుకే.

అద్దె అడ్రస్, సొంత అడ్రస్

రాజమహేంద్రవరంలో ఒక కేబుల్ ఆపరేటర్ ఉన్నారనుకుందాం. టీవీ కనెక్షన్లతో మొదలుపెట్టి, లైసెన్స్ తీసుకుని ఇంటర్నెట్ సర్వీస్ నడుపుతున్నారు. ఐదు వేల ఇళ్లకు ఫైబర్ వేశారు. మొదట్లో ఆయన పెద్ద కంపెనీ దగ్గర బ్యాండ్‌విడ్త్ కొంటారు. దాంతోపాటు ఆ కంపెనీ కొన్ని ఐపీ అడ్రస్‌లు కూడా వాడుకోమని ఇస్తుంది. అవి అద్దె ఇల్లు లాంటివి.

రెండేళ్లు గడిచాక ఆ కంపెనీ రేటు పెంచింది. వేరే కంపెనీ తక్కువకు ఇస్తానంది. మారదామంటే చిక్కు ఇక్కడే ఉంది. అద్దె ఇల్లు ఖాళీ చేస్తే పాత చిరునామా మనతో రాదు. ఆయన దగ్గర స్టాటిక్ ఐపీ తీసుకున్న బ్యాంకు బ్రాంచి, సీసీ కెమెరాల సర్వర్ పెట్టుకున్న షోరూమ్, వీపీఎన్ నడుపుతున్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు... అందరి సెట్టింగులూ మార్చాలి. అందరికీ ఫోన్ చేయాలి, అందరిచేతా తిట్లు తినాలి. పైగా ఒకే అప్‌స్ట్రీమ్ ఉంటే, రోడ్డు పనుల్లో జేసీబీ ఆ ఒక్క కేబుల్‌ను తెంపితే ఐదు వేల ఇళ్లూ ఆఫ్‌లైన్.

అందుకే కొంచెం ఎదిగిన ప్రతి ఆపరేటర్, ప్రతి బ్యాంకు, ప్రతి పెద్ద యూనివర్సిటీ సొంత అడ్రస్‌లు కావాలనుకుంటాయి. సొంత అడ్రస్‌లుంటే ఒకేసారి ఇద్దరు అప్‌స్ట్రీమ్‌ల ద్వారా ప్రపంచానికి కనిపించవచ్చు. ఒకరి లైన్ పోయినా రెండోవారి ద్వారా ట్రాఫిక్ వస్తుంది. దీన్నే మల్టీహోమింగ్ అంటారు. ప్రొవైడర్‌ను మార్చినా కస్టమర్ దగ్గర ఒక్క సెట్టింగూ కదలదు. రేటు మాట్లాడేటప్పుడు ధైర్యం కూడా వస్తుంది.

అడ్రస్‌లు ఎవరిస్తారు?

ప్రపంచం మొత్తం ఐపీ అడ్రస్‌ల పంపిణీ అయానా అనే సంస్థ దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి ఐదు ప్రాంతీయ రిజిస్ట్రీలకు వెళతాయి. ఆసియా-పసిఫిక్‌కు ఏపీనిక్ ఉంది. మన దేశంలో నిక్సీ ఆధ్వర్యంలోని ఐఆర్ఐఎన్ఎన్ జాతీయ రిజిస్ట్రీగా పనిచేస్తోంది. భారతీయ సంస్థలు ఇక్కడే సభ్యత్వం తీసుకుని అడ్రస్‌లు పొందవచ్చు.

పాత తరం ఐపీవీ4లో మొత్తం అడ్రస్‌లు సుమారు 429 కోట్లు. 2011 ఫిబ్రవరిలో అయానా దగ్గర పంచడానికి ఉన్న నిల్వ అయిపోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఏపీనిక్ చివరి బ్లాకుకు చేరి రేషన్ మొదలుపెట్టింది. ఇప్పుడు ఏపీనిక్ విధానం ప్రకారం కొత్త సభ్యుడికి గరిష్ఠంగా దొరికేవి 512 ఐపీవీ4 అడ్రస్‌లే. ఐదు వేల ఇళ్లకు 512 ఎలా సరిపోతాయి? ఒక్కో అడ్రస్‌ను పదుల మంది పంచుకునే సీజీనాట్ పద్ధతి వాడతారు. పక్కనే ఐపీవీ6 నడుపుతారు. అందులో కొరత లేదు.

అడ్రస్‌లతోపాటు మరొకటి కావాలి. అదే ఏఎస్ నంబర్. ఇంటర్నెట్ అంటే వేల నెట్‌వర్క్‌ల సమాఖ్య. ప్రతి స్వతంత్ర నెట్‌వర్క్‌కూ ఒక నంబర్ ఉంటుంది. ఆ నంబర్లతోనే నెట్‌వర్క్‌లు ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. అవి మాట్లాడుకునే భాష బీజీపీ. 1989లో ఇద్దరు ఇంజినీర్లు భోజనాల బల్ల దగ్గర నాప్కిన్ల మీద దీని తొలి రూపం గీశారు. ఇన్నేళ్లయినా ఇంటర్నెట్‌ను కలిపి ఉంచుతున్నది ఆ ప్రోటోకాలే. ఇప్పటికీ అందులో ఒక పుట్టుకలోపం ఉంది. పక్క నెట్‌వర్క్ చెప్పింది నిజమా, అబద్ధమా అని బీజీపీ తనంతట తాను తేల్చుకోలేదు.

అప్‌స్ట్రీమ్ చేతికి ఏమివ్వాలి?

మన ఆపరేటర్‌కు 512 అడ్రస్‌ల బ్లాకు, ఒక ఏఎస్ నంబర్ వచ్చాయి. ఇప్పుడు అప్‌స్ట్రీమ్‌కు ఫోన్ చేసి ‘మా అడ్రస్‌లు రూట్ చేయండి’ అంటే సరిపోదు. ఆ అడ్రస్‌లు ఆయనవేనని ఏంటి నమ్మకం? సాధారణంగా ఐదు మెట్లు ఉంటాయి.

ఒకటి, అనుమతి పత్రం. ఎల్ఓఏ అంటారు. ‘ఫలానా బ్లాకు మాది. ఫలానా ఏఎస్ నంబర్ నుంచి దీన్ని ప్రకటించడానికి మీకు అనుమతిస్తున్నాం’ అని కంపెనీ లెటర్‌హెడ్ మీద సంతకంతో ఇచ్చే ఉత్తరం. ఇది పాత పద్ధతి, ఇప్పటికీ చాలామంది అడుగుతారు. ఫోర్జరీ చేయడం సులువు కాబట్టి దీని ఒక్కదాని మీద ఆధారపడకూడదు.

రెండు, రూటింగ్ రిజిస్ట్రీలో ఎంట్రీ. ఐఆర్ఆర్ అని పిలిచే డేటాబేస్‌లలో ‘ఈ బ్లాకు ఈ ఏఎస్ నుంచి వస్తుంది’ అని ఒక రూట్ ఆబ్జెక్ట్ రాయాలి. చాలా అప్‌స్ట్రీమ్‌ల సాఫ్ట్‌వేర్ ఇక్కడి నుంచి చదువుకుని కస్టమర్ ఫిల్టర్లు తయారుచేస్తుంది. ఎంట్రీ లేకపోతే మీరు ప్రకటించినా వాళ్ల రూటర్ పట్టించుకోదు.

మూడు, ఆర్ఓఏ. అసలు మలుపు ఇదే. ఆర్‌పీకేఐ అనే వ్యవస్థలో, అడ్రస్ హక్కుదారు తన రిజిస్ట్రీ ఖాతా నుంచి డిజిటల్ సంతకంతో చేసే ప్రకటన. ఏ బ్లాకు, ఏ ఏఎస్ నంబర్, ఎంత చిన్న ముక్క వరకు ప్రకటించవచ్చు... ఈ మూడూ ఉంటాయి. ప్రపంచంలో ఏ రూటర్ అయినా దీన్ని సరిచూసుకోగలదు. సరిపోతే ‘వ్యాలిడ్’, తేడా ఉంటే ‘ఇన్‌వ్యాలిడ్’, అసలు ఆర్ఓఏనే లేకపోతే ‘నాట్ ఫౌండ్’.

నాలుగు, బీజీపీ సెషన్. రెండు వైపుల ఇంజినీర్లు ఒకరి రూటర్ అడ్రస్, ఏఎస్ నంబర్ ఒకరు పెట్టుకుంటారు. టీసీపీ పోర్ట్ 179 మీద సెషన్ లేస్తుంది. అప్‌స్ట్రీమ్ వైపు రెండు తాళాలు తప్పనిసరి. ఒకటి, ఈ కస్టమర్ నుంచి ఈ బ్లాకులు తప్ప వేరేవి తీసుకోకూడదనే ప్రిఫిక్స్ ఫిల్టర్. రెండోది, రూట్‌ల సంఖ్య పరిమితి దాటితే సెషన్ ఆపేసే మ్యాక్స్ ప్రిఫిక్స్.

ఐదు, బయటికి వెళ్లే ప్యాకెట్లు. ఇది చాలామంది మర్చిపోయే మెట్టు. దొంగ సోర్స్ అడ్రస్‌తో దాడులు జరగకుండా, కస్టమర్‌కు చెందని అడ్రస్‌తో వచ్చే ప్యాకెట్లను అప్‌స్ట్రీమ్ ఆపేస్తుంది. 2000లోనే బీసీపీ 38 పేరుతో దీన్ని మంచి పద్ధతిగా రాసిపెట్టారు. రూట్ ప్రకటన సరిగ్గా వెళ్లినా, ఈ ఫిల్టర్‌లో మీ కొత్త బ్లాకును చేర్చకపోతే ట్రాఫిక్ లోపలికి వస్తుంది, జవాబు బయటికి పోదు.

ఒక షరతు కూడా గుర్తుపెట్టుకోండి. ఐపీవీ4లో 256 అడ్రస్‌ల కంటే చిన్న బ్లాకును ప్రపంచంలో ఎక్కువ నెట్‌వర్క్‌లు తీసుకోవు. స్లాష్ 24 అనే మాట వినే ఉంటారు, అది ఇదే. ఐపీవీ6లో ఆ హద్దు స్లాష్ 48.

ఏఎస్ నంబర్ తప్పనిసరా అని అడగొచ్చు. ఒక్క అప్‌స్ట్రీమ్‌తోనే ఉంటే అక్కర్లేదు. అప్‌స్ట్రీమే తన ఏఎస్ నంబర్‌తో మీ అడ్రస్‌లను ప్రకటించగలదు. అప్పుడు ఆర్ఓఏలో మీరు రాయాల్సింది అప్‌స్ట్రీమ్ నంబర్. సొంత ఏఎస్‌తో ప్రకటిస్తే మీ నంబర్. ఇది తారుమారైతే మీ అడ్రస్‌లను మీరే ‘ఇన్‌వ్యాలిడ్’ చేసుకున్నట్టు.

నమ్మి చెడిన సందర్భాలు

ఇంత తతంగం ఎందుకో చరిత్ర చెబుతుంది.

2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపాలనుకుంది. యూట్యూబ్ 1,024 అడ్రస్‌ల బ్లాకును ప్రకటిస్తుండగా, అందులోని 256 అడ్రస్‌ల ముక్కకు దారి తన దగ్గరే ఉందని పాకిస్తాన్ టెలికాం ప్రకటించింది. దేశం లోపలే ఉండాల్సిన ఆ ప్రకటన బయటికి పొక్కింది. బీజీపీ ప్రపంచంలో చిన్న ముక్కదే పైచేయి. ఎంత కచ్చితమైన అడ్రస్ చెబితే రూటర్ అంత నమ్ముతుంది. హాంకాంగ్‌కు చెందిన అప్‌స్ట్రీమ్ పీసీసీడబ్ల్యూ ఫిల్టర్ చేయకుండా దాన్ని ప్రపంచానికి అందించింది. రెండు గంటలపాటు యూట్యూబ్ ట్రాఫిక్ పాకిస్తాన్ వైపు మళ్లింది. తప్పు చేసింది ఒకరైతే, ఆపగలిగి కూడా ఆపనిది అప్‌స్ట్రీమ్.

మన దేశం నుంచీ ఉదాహరణ ఉంది. 2021 ఏప్రిల్ 16న వొడాఫోన్ ఐడియా నెట్‌వర్క్ తనవి కాని 30 వేలకు పైగా బ్లాకులను తనవిగా ప్రకటించింది. మ్యాక్స్ ప్రిఫిక్స్ వంటి చిన్న తాళం ఎందుకు అవసరమో ఈ ఒక్క సంఘటన చాలు చెప్పడానికి.

మూడోది ఇంకా ఆసక్తికరం. 2024 జనవరి 3న ఒక హ్యాకర్ ఆరెంజ్ స్పెయిన్‌కు ఐరోపా రిజిస్ట్రీ రైప్ దగ్గరున్న ఖాతాలోకి దూరాడు. పాస్‌వర్డ్ తేలిగ్గా ఊహించగలిగేది. టూ-ఫ్యాక్టర్ లేదు. లోపలికి వెళ్లి తప్పుడు ఆర్ఓఏలు తయారుచేశాడు. దాంతో ఆర్‌పీకేఐని పాటిస్తున్న నెట్‌వర్క్‌లన్నీ ఆరెంజ్ స్పెయిన్ రూట్‌లను ‘ఇన్‌వ్యాలిడ్’గా భావించి పక్కన పడేశాయి. గంటల తరబడి స్పెయిన్‌లో కస్టమర్లు ఇబ్బంది పడ్డారు. అంటే పట్టా రికార్డులోకే దొంగ దూరాడన్నమాట. ఆ ఏడాదే రైప్ తన ఖాతాలకు టూ-ఫ్యాక్టర్ తప్పనిసరి చేసింది.

ఇప్పుడేం మారుతోంది?

2024 మే నెలలో ఒక మైలురాయి దాటింది. ప్రపంచ రూటింగ్ పట్టికలోని ఐపీవీ4 రూట్‌లలో సగానికి పైగా ఆర్ఓఏ రక్షణ కిందికి వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో అమెరికా అధ్యక్ష భవనానికి చెందిన సైబర్ కార్యాలయం రూటింగ్ భద్రత మీద ఒక రోడ్‌మ్యాప్ విడుదల చేసింది. ఆర్‌పీకేఐని అనుసరించాలని ప్రభుత్వ విభాగాలకూ, ప్రైవేటు నెట్‌వర్క్‌లకూ అందులో సూచించింది. నెట్‌వర్క్ ఇంజినీర్లు తమలో తాము మాట్లాడుకునే విషయం ప్రభుత్వాల బల్ల మీదికి వచ్చింది.

క్లౌడ్ కంపెనీలు కూడా ఇదే బాటలో ఉన్నాయి. అమెజాన్ వెబ్ సర్వీసెస్‌లోకి మీ సొంత అడ్రస్‌లు తీసుకెళ్లే సదుపాయం ఉంది. కానీ అమెజాన్ ఏఎస్ నంబర్‌కు ఆర్ఓఏ రాయనిదే అది మీ అడ్రస్‌లను ప్రకటించదు. అంటే క్లౌడ్ ఇంజినీర్ అవుదామనుకునేవారికీ ఈ పరిజ్ఞానం తప్పదు.

అయితే ఆర్‌పీకేఐ సర్వరోగ నివారిణి కాదు. ‘ఈ బ్లాకును ప్రకటించే హక్కు ఈ ఏఎస్‌కు ఉందా’ అన్నది మాత్రమే అది చూస్తుంది. మధ్యలో ఏ నెట్‌వర్క్‌ల మీదుగా వచ్చిందో సరిచూడదు. ఒక కస్టమర్ తన ఇద్దరు అప్‌స్ట్రీమ్‌లలో ఒకరి రూట్‌లను పొరపాటున రెండోవారికి అందిస్తే, అందులో ప్రతి రూట్ ‘వ్యాలిడ్’గానే ఉండొచ్చు. ఆ లీకును ఆపడానికి ఏఎస్‌పీఏ అనే మరో పద్ధతి మీద కసరత్తు జరుగుతోంది. అప్పటిదాకా అప్‌స్ట్రీమ్ దగ్గరి ఫిల్టరే దిక్కు.

ఇంకో కోణం కూడా చూడండి. కఠిన నిబంధనలు పెద్ద కంపెనీలకు బరువు కాదు, వాటికి ప్రత్యేక టీమ్‌లుంటాయి. భారం పడేది ఇద్దరు ముగ్గురు ఉద్యోగులతో నడిచే జిల్లా స్థాయి ఆపరేటర్ల మీద. ఆర్ఓఏలో ఒక అంకె తప్పుగా పడితే వాళ్ల కస్టమర్లు సగం ప్రపంచానికి కనిపించరు. అలాగని రుజువు అడగొద్దంటే 2008 మళ్లీ వస్తుంది. ఈ రెంటి మధ్యా నిలబడాల్సింది పని తెలిసిన మనిషే.

మన రాష్ట్రాల వైపు చూస్తే, హైదరాబాద్‌లో అమెజాన్ క్లౌడ్ రీజియన్ 2022 నవంబర్‌లో మొదలైంది. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖపట్నంలో ఏఐ హబ్ కోసం ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. సముద్రగర్భ కేబుళ్ల గేట్‌వే కూడా అందులో భాగం. భవనం, కరెంటు, నీళ్లు, ఏఐ చిప్‌ల గురించి పత్రికల్లో చదువుతున్నాం. కేబుల్ ఒడ్డుకు చేరాక దానిమీద నెట్‌వర్క్‌లు ఒకదానితో ఒకటి బీజీపీలోనే మాట్లాడుకోవాలి. ప్రకటించిన పెట్టుబడి అంతా ఉద్యోగాలుగా మారుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. వచ్చేవాటిలో ఈ పని మాత్రం కచ్చితంగా ఉంటుంది.

ఇంటర్వ్యూలో ఇలా అడిగితే...

‘కస్టమర్ కొత్త బ్లాకు మొదలుపెట్టాడు. కొన్ని నెట్‌వర్క్‌ల నుంచి తెరుచుకుంటోంది, కొన్నిటి నుంచి తెరుచుకోవడం లేదు. ఎక్కడ మొదలుపెడతావ్?’

ఈ ప్రశ్నకు ‘రూటర్ రీస్టార్ట్ చేస్తాను సార్’ అంటే ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయినట్టే. వరుసగా ఆలోచించండి.

మొదట, ప్రకటన మన రూటర్ నుంచి నిజంగా బయటికి వెళుతోందా? అప్‌స్ట్రీమ్‌కు ఏం పంపుతున్నామో చూడాలి. రూటర్ తన పట్టికలో లేని బ్లాకును ప్రకటించదు. చాలాసార్లు ఆ బ్లాకుకు ఒక స్టాటిక్ రూట్ పెట్టడం మర్చిపోవడమే కారణం.

తర్వాత, బయటి నుంచి చూడాలి. లుకింగ్ గ్లాస్ అనే పబ్లిక్ టూల్స్ ద్వారా వేరే దేశాల రూటర్లకు మన బ్లాకు కనిపిస్తోందా అని వెతకాలి. ఎక్కడా కనిపించకపోతే అప్‌స్ట్రీమ్ ఫిల్టర్ దగ్గర ఆగింది. కొన్నిచోట్లే కనిపించకపోతే ఆర్ఓఏను అనుమానించాలి. ఎందుకంటే ‘ఇన్‌వ్యాలిడ్’ను కొన్ని నెట్‌వర్క్‌లు పడేస్తాయి, కొన్ని ఇంకా తీసుకుంటున్నాయి.

ఆర్ఓఏలో బాగా తరచుగా కనిపించే తప్పు ఒకటుంది. 512 అడ్రస్‌ల బ్లాకుకు ఆర్ఓఏ రాసి, అంతకంటే చిన్న ముక్కకు అనుమతి ఇవ్వరు. తర్వాత ట్రాఫిక్ పంచుకోవడానికి 256 చొప్పున రెండు ముక్కలుగా ప్రకటిస్తారు. రెండూ ‘ఇన్‌వ్యాలిడ్’ అవుతాయి. అలాగని ముందుజాగ్రత్తగా అన్ని చిన్న ముక్కలకూ అనుమతి ఇచ్చేయడం కూడా మంచిది కాదు. మీ ఏఎస్ నంబర్ వాడుకుని ఎవరైనా మీరు ప్రకటించని ముక్కను ఎగరేసుకుపోవచ్చు. ప్రకటించేవాటికి మాత్రమే ఆర్ఓఏ ఉండాలి.

రూట్ అన్నిచోట్లా సవ్యంగా కనిపిస్తున్నా సైట్ తెరుచుకోకపోతే, వెనక్కి వెళ్లే దారి చూడాలి. ఇద్దరు అప్‌స్ట్రీమ్‌లున్నప్పుడు ట్రాఫిక్ ఒకరి ద్వారా వచ్చి ఇంకొకరి ద్వారా పోవచ్చు. రెండోవారి సోర్స్ అడ్రస్ ఫిల్టర్‌లో మన బ్లాకు లేకపోతే ప్యాకెట్లు అక్కడే ఆగిపోతాయి.

చివరగా, అన్నీ పనిచేస్తున్నా కస్టమర్ ‘ఓటీటీ యాప్ వేరే దేశం చూపిస్తోంది’ అనొచ్చు. గతంలో ఆ బ్లాకు వేరే దేశంలో వాడి ఉంటే లొకేషన్ డేటాబేస్‌లలో పాత వివరాలే ఉండిపోతాయి. అది రూటింగ్ సమస్య కాదని గుర్తుపట్టడం కూడా నైపుణ్యమే.

ఈ వరుస చెప్పగలిగితే మీకు అనుభవం ఎంత అని అడిగే గొంతు మారుతుంది.

ఎలా నేర్చుకోవాలి?

బీటెక్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ చదివినప్పుడు మాకు బీజీపీ అంటే ఐదు మార్కుల షార్ట్ నోట్. దాన్ని దాటి నేర్చుకోవడానికి ఇప్పుడు ఖర్చు పెద్దగా లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు.

మొదటి నెలలో సబ్‌నెటింగ్, రూటింగ్ పునాదులు గట్టి చేసుకోండి. సీసీఎన్ఏ సిలబస్ దీనికి సరిపోతుంది. పరీక్ష ఫీజు కట్టలేకపోతే సిలబస్ మాత్రం వదలొద్దు. ఏపీనిక్ అకాడమీలో బీజీపీ, ఆర్‌పీకేఐ, ఐపీవీ6 కోర్సులు ఆన్‌లైన్‌లో ఉచితం. ప్రాక్టీసుకు వర్చువల్ ల్యాబ్‌లు కూడా ఉన్నాయి.

రెండో నెలలో లినక్స్ మీద ఎఫ్ఆర్ఆర్ లేదా బర్డ్ అనే ఉచిత రూటింగ్ సాఫ్ట్‌వేర్ వేయండి. కంటైనర్‌ల్యాబ్ లేదా జీఎన్ఎస్3తో నాలుగు రూటర్లు పెట్టండి. ఒకటి మీది, రెండు అప్‌స్ట్రీమ్‌లు, ఒకటి బయటి ప్రపంచం. సెషన్ లేపండి. ఒక లింకు తెంపి ట్రాఫిక్ రెండోవైపు ఎన్ని సెకన్లలో మారుతుందో చూడండి. తర్వాత కావాలని వేరేవారి బ్లాకు ప్రకటించి, అప్‌స్ట్రీమ్ వైపు ఫిల్టర్ రాసి ఆపండి. 2008 సంఘటనను మీ ల్యాప్‌టాప్‌లోనే పునఃసృష్టించినట్టు అవుతుంది. ల్యాబ్‌లో ఇందుకోసమే కేటాయించిన ఉదాహరణ అడ్రస్‌లు, ప్రైవేట్ ఏఎస్ నంబర్లే వాడండి.

మూడో నెలలో అసలు ఇంటర్నెట్‌ను గమనించండి. రైప్‌స్టాట్, హరికేన్ ఎలక్ట్రిక్ బీజీపీ టూల్‌కిట్, పీరింగ్‌డీబీ, క్లౌడ్‌ఫ్లేర్ రాడార్ అన్నీ ఉచితం. మీ ఇంటి ఇంటర్నెట్ ఏ ఏఎస్ నుంచి వస్తోంది? దాని అప్‌స్ట్రీమ్‌లు ఎవరు? ఆ బ్లాకులకు ఆర్ఓఏలు ఉన్నాయా? ఒక పేజీ నివేదిక రాయండి. పైథాన్ కొంచెం వస్తే, ఆ బ్లాకుల స్థితి రోజూ చూసి తేడా వస్తే మెసేజ్ పంపే చిన్న స్క్రిప్ట్ రాయండి. రెజ్యూమేలో పది సర్టిఫికెట్ల కంటే ఈ ప్రాజెక్టు ఎక్కువ మాట్లాడుతుంది.

ఉద్యోగం సంగతి నిజాయితీగా

మొదటి రోజే మీ చేతికి బీజీపీ రూటర్ ఇవ్వరు. ఎక్కువమంది నాక్ ఇంజినీర్‌గా మొదలవుతారు. షిఫ్టులుంటాయి, రాత్రిళ్లు అలారాలు చూడాలి, పండగ రోజు కూడా టికెట్లు రావచ్చు. మొదటి జీతం పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్యాకేజీతో పోటీపడకపోవచ్చు. కానీ రెండు మూడేళ్లు కళ్లు తెరుచుకుని పనిచేసినవారికి నెట్‌వర్క్ ఇంజినీర్, క్లౌడ్ నెట్‌వర్కింగ్, సైట్ రిలయబిలిటీ, నెట్‌వర్క్ సెక్యూరిటీ, పీరింగ్ కోఆర్డినేటర్ వంటి దారులు తెరుచుకుంటాయి.

వెతకాల్సిన చోట్లు కూడా క్యాంపస్ ప్లేస్‌మెంట్ జాబితాకే పరిమితం కావు. టెలికాం కంపెనీలు, ప్రాంతీయ ఐఎస్‌పీలు, డేటా సెంటర్లు, క్లౌడ్ కంపెనీలు, బ్యాంకుల నెట్‌వర్క్ టీమ్‌లు, ప్రభుత్వ ఫైబర్ ప్రాజెక్టుల కాంట్రాక్టర్లు... అన్నీ చూడండి. మీ జిల్లాలోని ఐఎస్‌పీ ఆఫీసుకు నేరుగా వెళ్లి ‘మీ ఆర్ఓఏలు చూశాను, ఇక్కడ ఒకటి లేదు’ అని మర్యాదగా చెప్పగలిగితే, అది ఏ కవరింగ్ లెటర్ కంటే మెరుగైన పరిచయం. దక్షిణాసియా ఇంజినీర్ల వేదిక సనాగ్, భారతీయ వేదిక ఇన్నాగ్ సమావేశాల మీద కూడా కన్నేసి ఉంచండి.

ఏఐ వచ్చాక ఈ పనులుంటాయా అని చాలామంది అడుగుతున్నారు. రూటర్ కాన్ఫిగరేషన్ రాయడంలో ఏఐ సాయం చేస్తుంది, చేయనివ్వండి. కానీ అప్‌స్ట్రీమ్‌కు ఇచ్చే అనుమతి పత్రం కింద సంతకం, రిజిస్ట్రీ ఖాతా పాస్‌వర్డ్, ఏ బ్లాకును ఎవరి ద్వారా ప్రకటించాలనే నిర్ణయం ఒక మనిషి బాధ్యత. తేడా వస్తే అర్ధరాత్రి అప్‌స్ట్రీమ్ ఇంజినీర్‌కు ఫోన్ చేసి, ఫిల్టర్‌లో ఏ లైన్ తప్పో చెప్పాల్సింది కూడా ఆ మనిషే.

ఈ ఆదివారం ఒక గంట తీసుకోండి. మీ ఇంటి ఐపీ ఏ ఏఎస్‌కు చెందిందో, దానికి దారి ఎవరిస్తున్నారో కనుక్కోండి. అక్కడి నుంచి మొదలుపెట్టండి.